చిన్న గది నుంచి వైట్‌బోర్డు దాకా: డిజైన్ ఇంటర్వ్యూలో ప్రత్యక్ష సమస్యా సాధన – చరిత్ర, సన్నాహం

డిజైన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లారనుకోండి. మీ పోర్ట్‌ఫోలియో చూశారు, నాలుగు ప్రశ్నలు అడిగారు. తరువాత మీ చేతికి ఒక మార్కర్ ఇచ్చి, "చూపు సరిగా ఆనని పెద్దవాళ్ల కోసం ఏటీఎం ఎలా ఉండాలో ఆలోచించండి. 45 నిమిషాలు సమయం ఉంది, మొదలుపెట్టండి" అన్నారు. గదిలో ఇద్దరో ముగ్గురో కూర్చుని మీ వంకే చూస్తున్నారు. ఎదురుగా ఖాళీ బోర్డు ఉంది.

దీన్ని కంపెనీల్లో డిజైన్ ఎక్సర్‌సైజ్ అనీ, వైట్‌బోర్డు ఛాలెంజ్ అనీ అంటారు. ఈ పాఠంలో మనం ప్రత్యక్ష సమస్యా సాధన అందాం. చాలామంది అభ్యర్థులు దీన్ని చూసి భయపడడానికి కారణం చేతకాకపోవడం కాదు, అక్కడ దేనికి మార్కులు వేస్తారో తెలియకపోవడం. ఈ పరీక్ష ఎక్కడ పుట్టి, ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకుంటే దానికి ఎలా సిద్ధం కావాలో చాలావరకు దానంతట అదే తెలుస్తుంది. అందుకే సన్నాహం గురించి చెప్పే ముందు చరిత్రలోకి వెళ్తున్నాం.

తెలుగువారికి ఇలాంటి పరీక్ష కొత్తదేమీ కాదు. అష్టావధానంలో పృచ్ఛకుడు అర్థం కుదరని ఒక పాదాన్ని ఇచ్చి సమస్యాపూరణం చేయమంటాడు. నిషిద్ధాక్షరిలో అయితే అవధాని పద్యం చెబుతూ ఉండగానే తరువాత ఏ అక్షరం వాడకూడదో చెబుతూ పోతాడు. డిజైన్ ఇంటర్వ్యూలో కూడా మధ్యలో "అక్కడ ఇంటర్నెట్ లేదనుకోండి" అంటూ కొత్త అడ్డంకి పెట్టడం ఉంది. కాని పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. అవధానంలో చివరికి పద్యం నిలబడాలి. అది అవధాని మనసులో ఎలా తయారైందో ఎవరూ అడగరు. డిజైన్ ఇంటర్వ్యూలో అడిగేది సరిగ్గా దాన్నే. ఈ తేడా ఎలా వచ్చిందో ఇప్పుడు చూద్దాం.

ప్యారిస్‌లోని చిన్న గదులు

19వ శతాబ్దంలో వాస్తుశిల్పం నేర్చుకోదలచినవారికి ప్యారిస్‌లోని ఎకోల్ దె బోజార్ గొప్ప పేరున్న పాఠశాల. అక్కడ తరగతిలో విన్న పాఠాలకన్నా గెలిచిన పోటీలకు విలువ ఎక్కువ. పోటీ రోజున విద్యార్థికి ఒక కాగితం ఇచ్చేవారు. ఏ కట్టడం కావాలో, అందులో ఏమేమి ఉండాలో దానిలో రాసి ఉండేది. ఆ కాగితంతో అతడు 'లోజ్' అనే చిన్న గదిలోకి వెళ్లాలి. అక్కడ గురువు సలహా ఉండదు, పక్కవారితో మాట ఉండదు. సాధారణంగా 12 గంటల్లో తన మూల ఆలోచనను తెలిపే చిత్తు నమూనా గీసి ఇవ్వాలి. దాన్ని 'ఎస్కీస్' అనేవారు. తరువాత వారాల తరబడి శ్రమించి ఆ చిత్తు నమూనానే పెద్ద చిత్రాలుగా పెంచి సమర్పించాలి.

ఇందులో ఒక నియమాన్ని మీరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. చివర ఇచ్చే చిత్రం మొదటి రోజు గీసిన చిత్తు నమూనాకు కట్టుబడి ఉండాలి. మధ్యలో ఇంతకన్నా మంచి ఆలోచన తట్టినా దానికి మారడానికి వీలు లేదు. మారితే పోటీ నుంచి తొలగించేవారు. చిత్రం ఆ విద్యార్థి సొంతమేనా, గురువు సాయం చేశాడా అన్న అనుమానం రాకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. ఫలితం మాత్రం వేరేగా ఉండేది. మొదటి కొద్ది గంటల్లో సరైన దారి పట్టగలగడమే ప్రతిభ అయిపోయింది.

గడువు ముగిసే వేళ చిత్రాలను పోగుచేయడానికి ఒక తోపుడుబండి వచ్చేది. ఫ్రెంచిలో దాని పేరు 'షారెట్'. కొందరు విద్యార్థులు ఆ బండి వెంటే నడుస్తూ చివరి గీతలు గీసేవారని చెబుతారు. ఇప్పటికీ డిజైనర్లు తక్కువ గడువులో కలిసి కూర్చుని చేసే పనిని షారెట్ అనే అంటున్నారు. మీ ఇంటర్వ్యూ పిలుపులో ఈ మాట కనిపిస్తే కంగారుపడకండి. అది ఒకప్పటి తోపుడుబండి.

ఈ పరీక్షకు మరో ముఖం కూడా ఉంది. అమెరికా నుంచి వచ్చిన జూలియా మోర్గాన్ ఇక్కడి వాస్తుశిల్ప విభాగంలో చేరిన తొలి మహిళ. ఆమెకు ప్రవేశం దొరికింది మొదటి ప్రయత్నంలో కాదు, మూడో ప్రయత్నంలో, 1898లో. తాను ఆడపిల్ల కావడంవల్లే మధ్యలో ఒకసారి మార్కులు తగ్గించారని ఆమె నమ్మింది. తలుపులు మూసుకుని న్యాయనిర్ణేతలు తీర్పు చెప్పే చోట దాన్ని రుజువు చేయడం ఎవరివల్ల అవుతుంది? విద్యార్థి తన ఆలోచనను వివరించుకునే అవకాశం ఆ పద్ధతిలో లేదు. బొమ్మ మాట్లాడాలి, మనిషి బయట నిలబడాలి.

పైకి చెబుతూ ఆలోచించడం

మనిషి నోరు విప్పిన తరువాతి మలుపు డిజైన్ పాఠశాలల్లో కాక, మనస్తత్వ శాస్త్రంలో వచ్చింది. జర్మనీలో కార్ల్ డుంకర్ 1930లలో తన పరిశోధనలో పాల్గొన్నవారికి చిక్కు సమస్యలు ఇచ్చి, ఆలోచిస్తున్నప్పుడే పైకి చెప్పమన్నాడు. ఆ తరువాత అమెరికాలో ఆలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ ఇదే పద్ధతిని విస్తరించి 1972లో 'హ్యూమన్ ప్రాబ్లమ్ సాల్వింగ్' అనే పెద్ద గ్రంథం ప్రచురించారు. సైమన్‌కు 1978లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి సమస్యను ఎలా ఛేదిస్తాడో తెలియాలంటే జవాబును చూస్తే చాలదు, దారిలో అతడు అన్న మాటలన్నీ రాసుకోవాలన్నది వీరి పద్ధతిలోని సారం.

సైమన్ పనిచేసిన కార్నెగీ మెలన్‌లోనే చార్లెస్ ఈస్ట్‌మన్ ఈ పద్ధతిని డిజైనర్లమీద ప్రయోగించిన తొలివారిలో ఒకడు. ఒక స్నానాలగదిని మెరుగుపరచమని చెప్పి, వారు గీస్తూ మాట్లాడిన మాటలను నమోదు చేశాడు. డిజైనర్లు సమస్య మొత్తాన్ని ముందే అర్థం చేసుకుని ఆపైన పరిష్కారానికి రావడం లేదని తేలింది. ఏదో ఒకటి గీస్తారు. గీసినదాన్ని చూడగానే ఇంతవరకు తట్టని ఇబ్బంది కనబడుతుంది. అంటే సమస్యలో మిగిలిన సగం వారికి గీతల్లోంచి దొరుకుతోంది. ప్యారిస్ నియమం దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది, గమనించండి.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని చాలామంది వదిలేస్తారు. ఎరిక్‌సన్, సైమన్ కలిసి 1984లో ప్రచురించిన పుస్తకంలో రెండు పనులను వేరుచేసి చూపారు. మనసులో నడుస్తున్నదాన్ని ఉన్నదున్నట్టు పైకి అనడం ఒకటి. ఎందుకు అలా చేస్తున్నామో ఎదుటివారికి వివరించడం మరొకటి. మొదటిది ఆలోచనను పెద్దగా చెదరగొట్టదు. రెండోది ఆలోచన నడకనే మార్చగలదు. ఇంటర్వ్యూలో మీరు చేయవలసింది ఈ రెండోదే. కాబట్టి ఇంట్లో మౌనంగా కూర్చుని వంద సమస్యలు సాధించినా, బోర్డు ముందు మాట తడబడవచ్చు. అది తెలివి తక్కువకావడం కాదు, అభ్యాసం చేయని వేరే పని ఎదురుకావడం.

రైలుపెట్టెలో చెత్త

ఈ పాఠంలో ఒక్క ఉదాహరణే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. 1990ల తొలినాళ్లలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో కేస్ డోర్స్ట్ 9 మంది అనుభవజ్ఞులైన డిజైనర్లకు విడివిడిగా ఒకే సమస్య ఇచ్చాడు. రైలుపెట్టెలో ప్రయాణికులు పడేసే చెత్తకు ఏర్పాటు చేయాలి. సమయం రెండున్నర గంటలు. పైకి మాట్లాడుతూ పనిచేయాలి. అవసరమైన సమాచారం కాగితాలమీద సిద్ధంగా ఉంటుంది, కాని అడిగినవారికి అడిగినదే ఇస్తారు.

పని సాగుతుండగా వారిలో చాలామందికి ఒక మెరుపు తట్టింది. చెత్తలో ఎక్కువ చోటు ఆక్రమించేది వార్తాపత్రికలు, వాటిని వేరుగా పెట్టిస్తే సగం సమస్య తీరుతుంది! తట్టిన ప్రతివారూ దాన్ని తమకే తట్టిన కొత్త ఆలోచనగా భావించారు. ఈ ప్రయోగాన్ని డోర్స్ట్, నైజెల్ క్రాస్ 2001లో విశ్లేషిస్తూ, సమస్య, పరిష్కారం ఒకదాన్నొకటి మార్చుకుంటూ కలిసి పెరుగుతాయని అన్నారు. మనకు ఇందులో మరో పాఠం కూడా ఉంది. ఇంటర్వ్యూలో మీకు తట్టిన మెరుపు మీకంటే ముందు వచ్చిన అభ్యర్థికి కూడా తట్టే ఉండవచ్చు. దాన్ని పట్టుకుని వేలాడడంవల్ల లాభం లేదు. దానిదాకా ఎలా వచ్చారు, అక్కడినుంచి ఎటు వెళ్లారు అన్నదే మిమ్మల్ని వేరుగా చూపుతుంది.

డోర్స్ట్, హెన్రి క్రిస్టియాన్స్ కలిసి విద్యార్థులమీద చేసిన అధ్యయనం కూడా చెప్పుకోదగ్గది. కింది తరగతులవారు పెద్దగా సమాచారం అడగకుండానే తేలిక సమస్యగా మార్చుకుని సాధించేశారు. పై తరగతులవారు రెండుగా చీలారు. కొందరు అడగవలసింది అడిగి, తెలిసిన వెంటనే పనిలోకి దిగి బాగా చేశారు. మరికొందరు అడుగుతూనే ఉండిపోయారు. అడగడమే వారికి పనిని వాయిదా వేసే మార్గమైంది. "ఎక్కువ ప్రశ్నలు వేయండి" అని సలహా ఇచ్చేవారు ఈ రెండో గుంపు సంగతి చెప్పరు.

చిక్కుప్రశ్నల కాలం

ఉద్యోగాల వైపు కథ వేరుగా నడిచింది. థామస్ ఎడిసన్ 1921లో తన దగ్గర పనికి వచ్చినవారికి సుమారు 150 ప్రశ్నల పరీక్ష పెట్టేవాడు. అవి పత్రికలకెక్కి పెద్ద చర్చ అయింది. వాటిలో చాలావరకు జ్ఞాపకశక్తి ప్రశ్నలే. తరువాత అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ముఖ్యంగా మైక్రోసాఫ్ట్, మ్యాన్‌హోల్ మూతలు గుండ్రంగా ఎందుకుంటాయి అన్నతరహా పొడుపుకథలకు పేరుపొందాయి. 2013లో గూగుల్‌లో ఉద్యోగుల వ్యవహారాలు చూసే లాజ్లో బాక్ ఇటువంటి ప్రశ్నలతో ఏమీ తేలదని, వాటివల్ల సమయం వృథా అని బహిరంగంగానే చెప్పాడు.

పొడుపుకథలు వెనక్కి తగ్గాక, ఉద్యోగంలో చేయవలసిన పనినే చిన్న ముక్కగా చేయించి చూడడానికి బలం పెరిగింది. డిజైన్‌లో ఆ ముక్కే వైట్‌బోర్డు అభ్యాసం. దీనికి పరిశోధన మద్దతు ఎంత? 1998లో ష్మిట్, హంటర్ చేసిన ప్రసిద్ధ సమీక్షలో ఇటువంటి పని నమూనా పరీక్షలు అగ్రస్థానంలో నిలిచాయి. 2022లో సాకెట్, అతని సహచరులు ఆ లెక్కలను మళ్లీ పరిశీలించి విలువను తగ్గించారు. అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, ముందే నిర్ణయించిన కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూను పైకి తెచ్చారు. అంటే అభ్యాసం ఎంత బాగున్నా, మార్కులు వేసే కొలత లేకపోతే దాని విలువ తగ్గుతుంది. అందుచేత, "మీరు ముఖ్యంగా ఏం చూడాలనుకుంటున్నారు?" అని మొదట్లోనే వినయంగా అడగడం తప్పు కాదు. చెప్పేవారు చెబుతారు.

చెంబు నేర్పిన పాఠం

మన దేశంలో ఈ చరిత్రకు ఒక మంచి ఆరంభం ఉంది. భారత ప్రభుత్వం కోరగా అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు దేశమంతా తిరిగి 1958 ఏప్రిల్‌లో ఒక నివేదిక ఇచ్చారు. దాని ప్రభావంతో 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుగల సంస్థ 2015లో మొదలైంది. ఈ సంస్థల ప్రవేశ పరీక్షలో స్టూడియో టెస్ట్ అనే దశ ఉంది. కూర్చోబెట్టి, అక్కడికక్కడే ఏదైనా చేసి చూపమంటారు. వాటిలో చదివినవారికి ఇంటర్వ్యూలో బోర్డు ముందు నిలబడడం రెండోసారి. దూరవిద్యలో చదువుకుంటున్న మీకు అదే మొదటిసారి కావచ్చు. ఈ లోటును అభ్యాసంతోనే పూడ్చుకోవాలి.

ఈమ్స్ దంపతులు ఆ నివేదికలో అన్నిటికన్నా మెచ్చుకున్న వస్తువు మన చెంబు. దాన్ని ఈ రోజు కొత్తగా రూపొందించాలంటే ఏమేమి ఆలోచించాలో వరుసగా ఏకరువు పెట్టారు. ఎంత నీరు పట్టాలి? మోసే చేయి ఎంత పెద్దది? నెత్తిన మోస్తారా, చంకన మోస్తారా? నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది? వంచితే నీరు ఎలా పడుతుంది? తోమడం తేలికా? ధర ఎంత? తగిలితే ఏ చప్పుడు చేస్తుంది? ఏ ఒక్కరో దాన్ని రూపొందించలేదని, తరతరాలవారు కలిసి చేశారని కూడా అన్నారు. నా దృష్టిలో డిజైన్ ఇంటర్వ్యూకు సిద్ధమయ్యేవారికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. మీ ఇంట్లో ఉన్న ఏ వస్తువునైనా తీసుకోండి. బిందె, చేట, గ్యాస్ లైటర్, ఏదైనా సరే. దానిమీద ఇలాంటి 15 ప్రశ్నలు వేయడం రోజూ అలవాటు చేసుకుంటే, బోర్డు ముందు మొదటి 10 నిమిషాలు వాటంతట అవే గడుస్తాయి.

ఈ పరీక్ష ఎవరికి బరువు

సన్నాహంలోకి వెళ్లే ముందు ఒక నిజం చెప్పుకోవాలి. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2020లో 48 మంది విద్యార్థులకు ప్రోగ్రామింగ్ సమస్యలు ఇచ్చారు. కొందరు పరిశీలకుడు చూస్తుండగా బోర్డు ముందు నిలబడి మాట్లాడుతూ చేశారు. మిగిలినవారు ఒంటరిగా గదిలో చేశారు. చూస్తున్నవారి ముందు చేసినవారి ఫలితం సగానికన్నా తక్కువకు పడిపోయింది. పరిశీలకుడి ముందు చేసిన మహిళల్లో ఒక్కరూ సాధించలేదు. ఒంటరిగా చేసిన మహిళలందరూ సాధించారు. అది చిన్న అధ్యయనం, పైగా డిజైన్‌కు సంబంధించింది కాదు. అయినా జూలియా మోర్గాన్ కథ చదివిన మనకు అది అపరిచితంగా తోచదు.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి దీనిపైన భాష బరువు కూడా ఉంటుంది. ఆలోచించాలి, గీయాలి, వివరించాలి, అదంతా ఇంగ్లీషులో చేయాలి. దీనికి మూడు నెలల్లో ఇంగ్లీషు బాగుచేసుకోవడం ఒక్కటే ఉపాయం కాదు. ఆలోచన తెలుగులోనే సాగనివ్వండి. బోర్డుమీద బొమ్మలు, బాణాలు, ఒక్కొక్క మాట పేర్లు ఎక్కువగా వాడండి. బొమ్మను వేలితో చూపుతూ చెబితే పొడుగాటి వాక్యాల అవసరం తగ్గుతుంది. "ఇప్పుడు దీన్ని పక్కన పెడుతున్నాను, కారణం ఇది", "ఇది నా ఊహ, తప్పయితే చెప్పండి" వంటి పదీపన్నెండు వాక్యాలను ఇంగ్లీషులో నోటికి పట్టేదాకా అభ్యసించండి. అవే మళ్లీ మళ్లీ పనికొస్తాయి. తెలుగు వచ్చిన పరీక్షకులు ఉంటే, మధ్యలో తెలుగులో చెప్పవచ్చా అని అడగండి. అడిగినందుకు మార్కులు తగ్గించేచోట పనిచేయాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ

"బస్టాండులో చదవడం రానివారికి తమ బస్సు ఎక్కడికి వస్తుందో తెలియాలి." ఇదీ సమస్య అనుకుందాం. చాలామంది వెంటనే ఫోన్ తెర గీసి, అందులో మైకు గుర్తు పెడతారు. మీరు ఆగండి. చదవడం రానివారు ఇప్పుడు ఏం చేస్తున్నారు? పక్కవారిని అడుగుతున్నారు. కండక్టరు ఊళ్ల పేర్లు అరుస్తుంటే వింటున్నారు. తమ ఊరి మనుషుల వెంట వెళ్తున్నారు. అంటే అక్కడ ఏర్పాటు ఇప్పటికే ఉంది, అది గొంతుతో నడుస్తోంది. ఈ ఒక్క పరిశీలనను బోర్డుమీద రాస్తే మీ పని సగం మందికన్నా ముందుంటుంది.

ఇప్పుడు పరీక్షకులను అడగండి. పెద్ద బస్టాండా, మండల కేంద్రంలోదా? బస్సులు ఎప్పుడూ ఒకే చోట ఆగుతాయా? ఖర్చు ఎవరిది? నాలుగైదు ప్రశ్నలు చాలు. వారు "మీరే నిర్ణయించుకోండి" అంటే, నిర్ణయించి ఆ ఊహను బోర్డు మూలన రాసిపెట్టండి. తరువాత ఒక మనిషిని ఎంచుకోండి. చేతిలో సంచితో, తొలిసారి జిల్లా ఆసుపత్రికి ఒంటరిగా వెళ్తున్న పెద్దావిడ అనుకుందాం. ఆమెకోసం కనీసం మూడు దారులు గీయండి. ఒక్కో దిక్కుకు ఒక రంగు, బస్సు ముందూ ప్లాట్‌ఫామ్ స్తంభంమీదా అదే రంగు. లేదా ఊరి పేరు చెబితే ప్లాట్‌ఫామ్ ఏదో పలికే చిన్న పెట్టె. లేదా కండక్టరు పిలుపునే మైకులో పెట్టి, ఒక క్రమంలో నడిపించడం.

రంగుల దారి ఎంచుకున్నారనుకోండి. అప్పుడు పరీక్షకుడు "బస్సు చెడిపోయి వేరే బస్సు వేశారండీ, రంగు కలవలేదు" అంటాడు. ఇక్కడే ప్యారిస్ నియమం మీకు వర్తించదని గుర్తు రావాలి. "మీరన్నది నిజం. రంగు బస్సుకు వేయడం తప్పు, తీసి తగిలించే పలకకు వేయాలి" అని బొమ్మ చెరపకుండా పక్కనే కొత్తది గీయండి. పాతది అలా ఉంటేనే మీ ఆలోచన ఎటు నుంచి ఎటు కదిలిందో వారికి కనిపిస్తుంది. చివరి 5 నిమిషాలు మీ పరిష్కారం ఎక్కడ విఫలమవుతుందో చెప్పడానికి ఉంచుకోండి. ఆ పెద్దావిడకు రంగులు సరిగా కనిపించకపోతే? పండుగ రద్దీలో పలక కనబడకపోతే? మీరు చెప్పకపోతే వారు అడుగుతారు. ముందే చెప్పడం మేలు.

అభ్యాసం

ఇంట్లో ఒకరిని పరీక్షకులుగా కూర్చోబెట్టండి. వారికి డిజైన్ తెలియనక్కరలేదు, మధ్యలో రెండుసార్లు అడ్డుచెబితే చాలు. బోర్డు లేకపోతే పాత క్యాలెండరు వెనకవైపు గోడకు అంటించండి. "రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడలేనివారికి ఏర్పాటు" అన్న సమస్యను 45 నిమిషాల్లో, పైకి మాట్లాడుతూ చేయండి. ఫోన్‌లో మాటలు రికార్డు చేయండి. మరునాడు విని మూడు సంగతులు నోట్‌బుక్‌లో రాయండి: మొదటి ప్రశ్న ఎన్నో నిమిషంలో వేశారు, మొదటి గీత ఎన్నో నిమిషంలో గీశారు, అడ్డుచెప్పినప్పుడు మీరు మొదట అన్న మాట ఏమిటి. వారం తరువాత వేరే సమస్యతో మళ్లీ చేసి, ఈ మూడింటినీ పోల్చి చూడండి.